ఒంటి దూలం సీటు, దానికి మాత్రమే పట్టే సీట్‌పోస్టు: విశాఖలో తొక్కేవారు కొనవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. ఎమ్వీపీ కాలనీలో ఉంటున్నారు. అల్యూమినియం హైబ్రిడ్ సైకిలు, 31.6 మి.మీ. సీట్‌పోస్టు (సీటును మోస్తూ ఫ్రేములోకి దిగే గొట్టం). ఆదివారాలు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లి వస్తారు. ఈ చలికాలంలో 200 కిలోమీటర్ల బీఆర్‌ఎమ్, అంటే గడువు లోపు సొంతంగా తొక్కి ముగించే దూరప్రయాణం, పూర్తిచేయాలని ఉంది. కానీ తిరుగు ప్రయాణంలో తొట్లకొండ చేరేసరికే కూర్చునే చోట నొప్పి మొదలవుతోంది. తెలిసినాయన ఒకరు కింద రెండు రెయిళ్లకు (సన్నటి కడ్డీలకు) బదులు ఒకే దూలం ఉన్న సీటునూ, ఆ సీటుకు మాత్రమే పట్టే కార్బన్ పోస్టునూ కలిపి సగం ధరకు ఇస్తానన్నారు. ఇప్పుడున్న వాటికన్నా 120 గ్రాములు తేలికనీ, కుదుపు తెలియదనీ చెప్పారు. తీసుకోవాలా, వద్దా?

మీకైతే వద్దు. మీ ఒంటికి ఏ వెడల్పు సీటు, ఏ ఆకారం సీటు సరిపడుతుందో మీకింకా తేలలేదు. అది తేలనంతవరకు సీటును పోస్టుకు ముడివేసే ఏ పద్ధతీ మీకు లాభం కాదు. ఒకవేళ ఆ సీటు మీద ఇదివరకే దూరాలు తొక్కి, ఇదే నా సీటు అని తేల్చుకుని ఉంటే, దాని బోల్టులూ క్లాంపులూ దొరికే చోటు మీకు తెలిసి ఉంటే, నా జవాబు వేరుగా ఉండేది.

నేను ఈ ఊళ్లోనే సైకిళ్ల మరమ్మతు, ఫిట్టింగు చేస్తాను. ఇలాంటి సెట్లు నా దగ్గరకు తరచు వస్తాయి. కొన్నవాళ్లు ఆనందంగా ఉన్న సందర్భాలూ ఉన్నాయి కాబట్టి కారణాలు విడమరిచి చెబుతాను. మీ లెక్క మీరే వేసుకోవచ్చు.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. "కంపెనీ సొంత పద్ధతి" అని అందరూ ఒకే మాట వాడతారు గానీ అందులో మూడు రకాలున్నాయి, మూడింటి కష్టనష్టాలూ వేరు.

మొదటిది, ఫ్రేముకూ పోస్టుకూ మధ్య సొంత ఆకారం. జెయింట్ సైకిళ్ల కంపెనీ వారి డీ ఆకారపు పోస్టు, రేసు సైకిళ్లలో కనిపించే గాలి చీల్చే చదును పోస్టులు ఈ కోవలోవి. ఇందులో పోస్టు మారదు గానీ పైన తల మామూలుదే, కాబట్టి బజారులోని సీట్లలో చాలావరకు పెట్టుకోవచ్చు. రెండోది రెయిళ్ల కొలత. మామూలు సీటుకు కింద 7 మి.మీ. మందమున్న రెండు గుండ్రటి రెయిళ్లు ఉంటాయి, వాటి మధ్య ఎడం సుమారు 44 మి.మీ. ఈ కొలత వల్లే ఎవరి సీటైనా ఎవరి పోస్టుకైనా పడుతుంది. కార్బన్ రెయిళ్లు వచ్చాక అవి నిలువుగా ఉబ్బి 7కి 9 మి.మీ. కోడిగుడ్డు ఆకారమయ్యాయి. పైనుంచి కిందికి అదిమి పట్టే తలలో అవి చాలాసార్లు ఇముడుతాయి. పక్కల నుంచి నొక్కే తలలో మాత్రం వేరే చెవులు (రెయిలును పట్టుకునే బిగింపు ముక్కలు) వేయాలి, లేకపోతే రెయిలు నలిగి చిట్లుతుంది. ఇది సగం సొంత పద్ధతి, వేరే చెవులు కొంటే తీరిపోయే సమస్య.

మూడోది మీ దగ్గరకు వచ్చినది. సీటుకూ పోస్టుకూ మధ్య బిగింపే సొంతం. సీటు మారిస్తే పోస్టు మార్చాలి, పోస్టు పోతే సీటు పనికిరాదు. ఈ మూడో రకంతోనే నాకు పేచీ. ఎందుకంటే సీటు అన్నది ఒంటికి సంబంధించిన వస్తువు, పోస్టు అన్నది ఫ్రేముకు సంబంధించిన వస్తువు. మీ ఒళ్లు మారుతుంది, తొక్కే తీరు మారుతుంది, రేపు సైకిలే మారుతుంది. ఈ రెండూ ఒకేసారి మారాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు.

సీటు చెప్పుల్లాంటిది. పక్కవాళ్లకు హాయిగా ఉన్నది మనల్ని కరవచ్చు. మనం కూర్చున్నప్పుడు బరువంతా మోసేవి కటి ఎముకల అడుగున ఉండే రెండు గుబ్బలు. వాటి మధ్య దూరం మనిషి మనిషికీ తేడా. చాలామందిలో 100 నుంచి 140 మి.మీ. మధ్య ఉంటుంది, సగటున ఆడవారిలో కాస్త ఎక్కువ. మనిషి లావుకీ దీనికీ సంబంధం తక్కువ. సన్నటి మనిషికి వెడల్పు గుబ్బలు ఉండటం, భారీ మనిషికి ఇరుకుగా ఉండటం నేను తరచు చూస్తాను. సీటు ఇరుకైతే గుబ్బలు అంచు దాటి కిందికి జారి, బరువు మధ్యలోని మెత్తటి భాగం మీద, అక్కడి నరాల మీద పడుతుంది. తిమ్మిరి వచ్చేది అందుకే. సీటు మరీ వెడల్పైతే తొడ లోపలి భాగం రాసుకుని చర్మం లేచిపోతుంది.

ఇంట్లోనే కొలుచుకోవచ్చు. మెట్టు మీద గానీ గట్టి బల్ల మీద గానీ గాడులున్న అట్టపెట్టె ముక్క పరిచి, పల్చటి షార్ట్‌తో దాని మీద కూర్చోండి. మోకాళ్లు తుంటి కంటే కాస్త పైకి ఉండేలా కాళ్ల కింద ఏదైనా పెట్టుకోండి. కాస్త ముందుకు వంగి ఒక నిమిషం ఉండండి. లేచాక అట్ట మీద రెండు పల్లాలు కనిపిస్తాయి. కనిపించకపోతే సుద్దముక్కను పక్కవాటంగా రాస్తే పల్లాలు తెల్లబడకుండా మిగిలిపోతాయి. వాటి నడిబిందువుల మధ్య దూరమే మీ కొలత. బాగా వంగి తొక్కేవారు దానికి 10 నుంచి 20 మి.మీ., మీలా హైబ్రిడ్ మీద కాస్త నిటారుగా కూర్చునేవారు 30 మి.మీ. దాకా కలుపుకుని సీటు వెడల్పు ఎంచుకోవడం ఫిట్టర్ల పద్ధతి. ఇది ఆరంభ బిందువు మాత్రమే. ఒకే వెడల్పున్న రెండు సీట్లలో ఒకటి బల్లపరుపుగా, ఇంకోటి వెనక్కి ఎత్తుగా ఉంటే రెండూ వేర్వేరుగా అనిపిస్తాయి. అంతిమంగా తొక్కి తేల్చుకోవాల్సిందే.

అందుకే సరైన సీటు ఎవరికీ మొదటి ప్రయత్నంలో దొరకదనే అనుకుని బయలుదేరాలి. సీతమ్మధార నుంచి వచ్చే ఒక మేడమ్ గారికి 143 వెడల్పు సీటు పడలేదు, మధ్యలో గాడి ఉన్నది పెడితే గాడి అంచులు కోశాయి, చివరికి 155లో ముక్కు పొట్టిగా ఉన్న సీటు కుదిరింది. ఆవిడ పోస్టు మామూలుది కాబట్టి ప్రతిసారీ పది నిమిషాల పని, వద్దనుకున్న సీటు ఇంకొకరికి అమ్ముకున్నారు. ఆ తొలి సీటే ఒంటి దూలం సెట్టు అయ్యుంటే? ఆ పద్ధతిలో దొరికే సీట్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు, మన దేశంలో ఇంకా తక్కువ. ఇంతకీ మీ దగ్గరకు వచ్చిన సీటు వెడల్పెంతో మీరు రాయలేదు. అమ్మే ఆయన బరువు గ్రాముల్లో చెప్పారంటే వెడల్పూ చెప్పగలరు, అడగండి.

ఈ పద్ధతుల వెనక ఉన్న ఆలోచన చెడ్డదేమీ కాదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. ఎస్‌డీజీ అనే అమెరికా కంపెనీ ఐ-బీమ్ పేరుతో తెచ్చిన పద్ధతిలో సీటు పెంకు కింద నడిమధ్యన ఒకే దూలం ఉంటుంది, పోస్టు తల దాన్ని రెండు పక్కల నుంచీ పట్టుకుంటుంది. లోహం తగ్గింది, బరువు తగ్గింది, సీటును ముందుకూ వెనక్కూ జరపడానికి, వంపు మార్చడానికి చోటు ఎక్కువైంది. ఇటలీ సీట్ల కంపెనీ సెల్లే ఇటాలియా తెచ్చిన మోనోలింక్ కూడా నడిమధ్య ఒకే రెయిలు ఆలోచనే. పక్కన రెయిళ్లు లేకపోతే తొడకు అడ్డం తగ్గుతుంది, సీటు పక్కలు కాస్త వంగుతాయి. కాగితం మీద అన్నీ బాగున్నాయి. అయినా ఇవాళ దుకాణాల్లో చూడండి, రెండు రెయిళ్ల సీట్లే. మెరుగైన బిగింపు కనిపెట్టడం వేరు, ఎవరి సీటైనా ఎవరి పోస్టుకైనా పట్టే సౌలభ్యాన్ని ఓడించడం వేరు.

ఒక్కచోట మాత్రం ఇలాంటి పద్ధతి గెలిచింది. పిల్లలూ కుర్రాళ్లూ విన్యాసాలు చేసే బీఎమ్‌ఎక్స్ సైకిళ్లలో పివొటల్ అనే బిగింపు ఉంది. సీటు పైనుంచి ఒకే బోల్టు దిగి పోస్టు తలమీది పళ్లలో కూర్చుంటుంది. చాలా కంపెనీలు దాన్నే తీసుకుని సీట్లూ పోస్టులూ చేశాయి కాబట్టి అక్కడ అది సొంత పద్ధతిగా మిగల్లేదు, అందరి కొలత అయింది. పైగా అందులో సీటు ముందుకూ వెనక్కూ జరగదు. బీఎమ్‌ఎక్స్‌లో ఎక్కువసేపు నిలబడే తొక్కుతారు, సీటు చివరిదాకా కిందికి దించి ఉంటుంది, కాబట్టి జరగకపోయినా ఇబ్బంది లేదు. పదమూడున్నర గంటల గడువున్న 200 కిలోమీటర్ల బీఆర్‌ఎమ్‌లో సీటు 5 మి.మీ. తప్పు చోట ఉంటే ఆ రోజంతా మోకాలు చెబుతూనే ఉంటుంది.

కాబట్టి ఏ కొత్త పద్ధతి చూసినా నేను మొట్టమొదట అడిగే ప్రశ్న: ఈ బిగింపుకు సీటు తయారుచేసే రెండో కంపెనీ ఉందా? ఉంటే ఆలోచించవచ్చు. లేకపోతే ఆ కంపెనీ మనసు మార్చుకున్న రోజున మీ చేతిలో మిగిలేది పాత ఇనుము.

ఇక మన ఊరి సంగతి. ఈ ప్రశ్న హైదరాబాదు నుంచి వచ్చి ఉంటే ఈ భాగం రాసేవాణ్ని కాదు.

విశాఖలో ఉప్పుగాలి సైకిలుకు చేసే పని కొత్తవాళ్లు ఊహించలేరు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే పోతాం. గాలిలోని ఉప్పు తుంపర, దాని మీద మన చెమట, ఆపైన వానాకాలపు తేమ. సీటు బోల్టు సరిగ్గా చెమట కారే చోటే ఉంటుంది. ఇంటికొచ్చి చెయిను తుడిచేవాళ్లు ఉన్నారు గానీ సీటు కిందికి తొంగిచూసేవాళ్లు తక్కువ.

ఇందులో రెండు వేర్వేరు ప్రమాదాలున్నాయి. ఒకటి, కార్బన్‌కూ అల్యూమినియానికీ పడదు. ఆ రెండూ తాకుతూ ఉండి మధ్యలో ఉప్పునీరు చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే, నష్టపోయేది అల్యూమినియం. తెల్లటి పొడిలా తుప్పు పుట్టి, ఉబ్బి, పోస్టు ఫ్రేములో ఇరుక్కుపోతుంది. మీది అల్యూమినియం ఫ్రేము, ఇస్తానంటున్నది కార్బన్ పోస్టు. పెట్టకూడదని కాదు, లక్షలమంది పెడుతున్నారు. కానీ ఇక్కడ నెలకో రెండు నెలలకో ఒకసారి పోస్టు బయటికి తీసి, లోపలా బయటా తుడిచి, కార్బన్ పేస్టు (జారకుండా పట్టునిచ్చే గరుకు పేస్టు) మళ్లీ రాసి పెట్టాలి. మామూలు గ్రీజు కార్బన్ పోస్టుకు రాయకండి. అది జారిపోయి, ఇంకా ఇంకా బిగించాలనిపిస్తుంది, బిగిస్తే పగులుతుంది.

రెండోది బోల్టు. ఇది ఎక్కడా రాయగా చూడలేదు గానీ మన తీరప్రాంతంలో నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. మామూలు మంచి పోస్టు తలకు రెండు బోల్టులుంటాయి, బరువు పంచుకుంటాయి. ఒంటి దూలం పోస్టుల్లో తరచు ఒకే బోల్టు దూలాన్ని పక్కల నుంచి నొక్కి పట్టుకుంటుంది, కాబట్టి దాన్ని చాలా గట్టిగా లాగి బిగించాలి. అందుకని 12.9 తరగతి లాంటి గట్టి నల్ల ఉక్కు బోల్టు వేస్తుంటారు. ఆ తరగతి అంటే చదరపు మిల్లీమీటరుకు 1200 న్యూటన్ల లాగుడుకు తట్టుకునే ఉక్కు. బలం బాగుంది, కానీ మన గాలిలో అది ఒక్క వానాకాలానికే ఎర్రబడుతుంది. సరే, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ వేద్దామంటే, సముద్రతీరానికి తగిన ఏ4-70 రకం 700 న్యూటన్లదే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పూర్ణా మార్కెట్లో పొడవూ మరా సరిపోయిన స్టెయిన్‌లెస్ బోల్టు దొరికింది కదా అని అలాంటి చోట వేయకండి. సీటు మీద 75 కిలోల మనిషి గుంతలో పడ్డప్పుడు ఆ బోల్టు మీద పడేది 75 కిలోలు కాదు, అంతకు ఎన్నో రెట్లు.

నాకు తెలిసిన ఒక కుర్రాడికి, మధురవాడ వైపు ఉంటాడు, బీఆర్‌ఎమ్‌లో రణస్థలం దాటాక ఇలాంటి ఒంటి బోల్టు తెగింది. అక్కడికి దగ్గరలోనే సైకిలు షాపు ఉంది. షాపతను మంచివాడు, రేంజర్ రకం సైకిలు సీటు తీసిచ్చాడు. దాని కింద 7 మి.మీ. రెయిళ్లు రెండు. ఈ అబ్బాయి పోస్టు తలకు అవి పట్టవు. మామూలు తల ఉన్న పోస్టయితే ఆ నాసిరకం సీటుతోనైనా గమ్యం చేరేవాడు, లేదా అదే కొలత బోల్టు వేసుకుని సాగేవాడు. చివరికి ఆటోలో సైకిలు ఎక్కించుకుని వెనక్కి వచ్చాడు. బీఆర్‌ఎమ్‌లో ఎవరి సైకిలు వాళ్లే చూసుకోవాలి, వెనకాల సాయం బండి రాదు. కాబట్టి మీరు చేయబోయే పనికి హైవే పక్కన ఉండే మామూలు సైకిలు షాపులో బాగుపడగలిగే సామాను అన్న గుణం 120 గ్రాముల కంటే ఎన్నో రెట్లు విలువైనది.

గ్రాముల మాట వచ్చింది కాబట్టి లెక్క కూడా చూడండి. అరకు వెళ్లేటప్పుడు 900 మీటర్లు పైకి ఎక్కారనుకుందాం. 120 గ్రాములను 900 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి సుమారు 1,060 జౌళ్లు. ఘాట్ రోడ్డు మీద 150 వాట్లతో తొక్కేవారికి అది 7 సెకన్ల పని. అనంతగిరి దగ్గర కాఫీ తోటల వైపు చూస్తూ సీసా ఎత్తి ఒక గుక్క తాగేలోపు అయిపోయే సమయం. భీమిలి రోడ్డు మీద ఆ తేడా కూడా కనబడదు. బరువు కోసం ఈ సెట్టు కొనడానికి మీకు ఏ కారణమూ లేదు.

కుదుపు సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే అందులో నిజం ఉంది. పోస్టు వంగుతుంది, వంగితే హాయిగానే ఉంటుంది. కానీ ఎంత వంగుతుందన్నది సీటు బిగింపు మీద చాలా తక్కువగా, రెండు కొలతల మీద చాలా ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఒకటి, ఫ్రేము నుంచి పైకి కనిపించే పోస్టు పొడవు. ఒక కొస బిగించిన కడ్డీ రెండో కొసన వంగడం పొడవు ఘనం ప్రకారం పెరుగుతుంది. 100 మి.మీ. బయట ఉన్న పోస్టు కంటే 200 మి.మీ. బయట ఉన్నది అదే బరువుకు ఎనిమిది రెట్లు వంగుతుంది. రెండోది వ్యాసం. గోడ మందం ఒకటే అయితే 31.6 పోస్టు 27.2 పోస్టు కంటే ఒకటిన్నర రెట్లు బిర్రుగా ఉంటుంది.

మీది 31.6. కాబట్టి మీకు తేలికైన దారి ఉంది. ఫ్రేములోకి 31.6 నుంచి 27.2కు తగ్గించే షిమ్ (సందు నింపే గొట్టపు తొడుగు) వేసి, రెండు బోల్టుల మామూలు తల ఉన్న 27.2 పోస్టు పెట్టండి. షిమ్ ఫ్రేము లోపలి కొలతకు సరిగ్గా ఉండాలి, పోస్టు కనీసం ఎంత లోపలికి దిగాలో చూపిస్తూ దాని మీద గీసి ఉన్న గీత ఫ్రేము లోపలే ఉండాలి. పోస్టు కార్బనైతే షిమ్‌కూ పోస్టుకూ మధ్య పైన చెప్పిన జాగ్రత్తే. ఇంకా కావాలంటే రెండు పలకలుగా చీలి స్ప్రింగులా వంగే కార్బన్ పోస్టులున్నాయి, ఎలాస్టోమరు (రబ్బరులాంటి దిమ్మ) మీద ఊగే సస్పెన్షన్ పోస్టులున్నాయి. రెండింటిలోనూ 27.2 గుండ్రటి పోస్టు, పైన రెండు రెయిళ్ల తల ఉన్నవి దొరుకుతాయి. అవి ఎంత ప్రత్యేకంగా కనబడినా అటు ఫ్రేముతోనూ ఇటు సీటుతోనూ అందరి కొలతే మాట్లాడతాయి. హాయి కోసం డబ్బు పెట్టాలనుకుంటే నా ఓటు వాటికి.

అంతకంటే ముందు టైర్లు చూడండి. హైబ్రిడ్ అన్నారు కాబట్టి ఫ్రేములో 35 మి.మీ. టైరుకు చోటు ఉండే ఉంటుంది. మనవాళ్లు టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ గాలి చూసి అంతా నింపేస్తారు. అది దాటకూడని హద్దు. ట్యూబు నొక్కుకుని రెండు పళ్ల గాటులా చీలనంతవరకు కొద్దికొద్దిగా తగ్గించి చూడండి. తారు రేగిన రోడ్డు మీద సీటుకు వచ్చే సన్నటి వణుకు సగం అక్కడే చచ్చిపోతుంది.

ఇప్పుడు మీ నొప్పి దగ్గరకు వద్దాం. మీరు సెట్టు గురించి అడిగారు గానీ నా అనుమానం సీటు ఎత్తు మీద. కాళ్ల మధ్య లోపలి పొడవును, గోడకు ఆనుకుని పుస్తకం పెట్టి కొలిచినది, 0.883తో గుణిస్తే పెడల్ చేతులు తిరిగే నడిమి ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైభాగానికి ఉండాల్సిన దూరం రమారమి వస్తుంది. అమెరికా సైకిలు రేసర్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన సూత్రం ఇది. లోపలి పొడవు 80 సెంటీమీటర్లయితే 70.6. ఇదీ ఆరంభ బిందువే. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉందో లేదో ఎవరిచేతనైనా పక్కనుంచి వీడియో తీయించుకుని చూసుకోండి. సీటు ఎత్తు ఎక్కువైతే ప్రతి తొక్కుకూ తుంటి అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడుకు గంటకు కొన్ని వేలసార్లు చర్మం రాసుకుంటుంది. అప్పుడు ఎంత ఖరీదైన సీటు పెట్టినా పుండు తప్పదు.

తర్వాత వంపు. సీటు ముక్కు పైకి లేచి ఉంటే తిమ్మిరి. ఒకటి రెండు డిగ్రీలు కిందికి దించితే చాలామందికి తగ్గుతుంది. మరీ దించితే ముందుకు జారిపోతూ అరచేతుల మీద బరువు వేసుకుంటారు. పక్క భాగాలు రాసుకుంటుంటే ప్యాడ్ ఉన్న షార్ట్ కింద లోదుస్తులు వేసుకోకండి. సిగ్గుపడి అడగని ప్రశ్న కాబట్టి నేనే చెబుతున్నాను, నా దగ్గరకు వచ్చే నొప్పుల్లో దీనివల్ల వచ్చేవి చాలా. దిగాక కూడా తిమ్మిరి గంటల తరబడి వదలకపోతే సీట్లు మార్చుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఇవన్నీ సరిచేశాక కూడా అదే చోట నొప్పి ఉంటే అప్పుడు సీటు మార్చాలి. అప్పుడు కూడా ఒకసారికి ఒక్కటే మార్చండి. సీటూ పోస్టూ ఎత్తూ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. సెట్టుగా కొనడంలో ఈ చిక్కు కూడా ఉంది.

మరి ఎవరికి ఇవి పనికొస్తాయి? ఉక్కునగరంలో ఒక పెద్దాయన ఐ-బీమ్ సెట్టు మీద ఎన్నో ఏళ్లుగా తొక్కుతున్నారు. పాత తుంటి దెబ్బ వల్ల ఆయనకు సీటు మామూలు కంటే బాగా ముందుకు, ముక్కు బాగా కిందికి ఉండాలి. రెండు రెయిళ్ల తలలో అంత సర్దుబాటు కుదరలేదు, దూలం మీద కుదిరింది. ఆయన అదే సీటు ఇంకోటీ, బోల్టులూ క్లాంపు ముక్కలూ ముందే కొని పెట్టుకున్నారు. కొన్న కారణం ఒంటి అవసరం, వెనక సరంజామా సిద్ధం. అలాంటివారికి నేను కాదనను. రేసులకే వాడే రెండో సైకిలు ఉన్నవారు, ఇంటికి దూరం పోనివారు కూడా సరదాకి కొనుక్కోవచ్చు.

మీరు ఇంకా మనసు పడుతుంటే, ఆ పాత సెట్టు తీసుకునే ముందు ఇవి చూడండి. పోస్టు ఫ్రేములో బిగుసుకునే చోట గోరుతో గీరి చూడండి, గాడిలా తగిలితే అక్కడ ఎవరో అతిగా బిగించారు. నాణెంతో పొడవునా తట్టండి. ఒకచోట మాత్రం శబ్దం మొద్దుబారితే లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు, అది వదిలేయండి. దూలం సీటు పెంకును కలిసే రెండు మూలల్లో వెంట్రుక పగుళ్లుంటాయేమో వెలుతురులో చూడండి. బోల్టు పూర్తిగా విప్పించి మరలు చూడండి, ఎర్రగా ఉంటే కొత్త బోల్టు కంపెనీదే తెప్పించి ఇవ్వమనండి. ఆయన అది తెప్పించలేకపోతే రేపు మీరూ తెప్పించలేరు. పోస్టు వ్యాసం కూడా అడగండి. 27.2 అయితే షిమ్‌తో మీ ఫ్రేములో పడుతుంది, 30.9 అయినా షిమ్ దొరుకుతుంది, 31.6 అయితే నేరుగా పడుతుంది, అంతకంటే లావైతే అసలు దూరదు.

మీ ప్రశ్న చివర్లో, రేపు రోడ్డు సైకిలు కొంటే ఫ్రేమే సొంత ఆకారపు పోస్టుతో వస్తుంది కదా, అప్పుడేం చేయాలని అడిగారు. అది మొదటి రకం, భయపడకండి. మూడు పనులు చేయండి. పైతల మామూలు రెండు రెయిళ్లకు పడుతుందా, 7కి 9కి వేరే చెవులు వస్తాయా అన్నది కొనేముందు తేల్చుకోండి. పోస్టు తలకు వెనకజరుపు (తల పోస్టు కంటే వెనక్కి ఉండే దూరం) ఎంతుందో, వేరే కొలతలో దొరుకుతుందో అడగండి, ఎందుకంటే తర్వాత బజారులో మార్చుకోలేరు. మూడోది, ఆ పోస్టును బిగించే చిన్న వెడ్జి ముక్క. అది ఫ్రేము పై గొట్టంలో దాగి ఉంటుంది, చెమట నేరుగా అందులోకే కారుతుంది. గాజువాక నుంచి వచ్చిన ఒక ఇంజనీరు గారి సైకిల్లో ఆ వెడ్జి తెల్లగా పూసి, కదలక, దాన్ని తీయడానికి నాకు ఒక పూట పట్టింది. కొత్త ముక్క రావడానికి నెల పైనే ఆగాల్సి వచ్చింది, అన్నాళ్లూ సైకిలు గోడకు వేలాడింది. కాబట్టి సైకిలు బిల్లులోనే అదనపు వెడ్జి ఒకటి, దాని బోల్టు ఒకటి రాయించుకోండి. వెడ్జి బోల్టు మరలకు అవి పట్టేయకుండా ఉంచే యాంటీ సీజ్ గ్రీజు, వెడ్జి కార్బన్‌ను తాకే ముఖానికి కార్బన్ పేస్టు రాయండి. ఫ్రేము మీద రాసి ఉన్న టార్కుకే (బిగింపు బలానికే), చాలావాటికి 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, టార్క్ రెంచితో బిగించండి. బీచ్ రోడ్డు నుంచి వచ్చిన రోజు ఆ సందు మీద మంచినీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పైపు పెట్టి నీళ్లు కొట్టకండి, ఉప్పు బయటికి రావడానికి బదులు లోపలికి పోతుంది.

అట్ట మీద కొలత తీసుకున్నాక ఆ అంకె, లోపలి కాలి పొడవు, ఇప్పటి సీటు వెడల్పు ఇక్కడే రాయండి. ఏ వెడల్పుతో మొదలుపెట్టాలో చెబుతాను.